మన బడి సూర్యపెట్టె: ఒక చిన్న చరిత్ర

 

సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, క్లాసులో చేసిన అల్లరి గురించి రాద్దామనుకున్నాను. "అవి అందరూ రాస్తున్నారు. నువ్వు ఇంజనీరువి కదా, సైన్సు గదిలో ఉన్న ఆ సూర్యపెట్టె గురించి రాయి" అన్నారు. పిల్లలు పెట్టిన పేరే అది. దాని అసలు పేరు పోర్టబుల్ సోలార్ జనరేటర్. ఎండతో నిండి, కరెంటు పోయినప్పుడు దీపాలూ ఫోన్లూ నడిపే పెట్టె. దాని చరిత్ర రాయాలంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అది దాని చోట చెబుతాను.

మాస్టారి కాలిక్యులేటర్

1982లో నేను ఎనిమిదో తరగతి. మా సైన్సు మాస్టారు ఒకరోజు అరచేతిలో పట్టేంత కాలిక్యులేటర్ తెచ్చారు. వారి బంధువు ఎవరో విదేశాల నుంచి తెచ్చి ఇచ్చారట. దాన్ని కిటికీ దగ్గర పెట్టి 12ని 12తో హెచ్చించమన్నారు. 144 కనబడింది. అప్పుడు పైనున్న నల్లటి పట్టీ మీద బొటనవేలు పెట్టారు. అంకెలు మెల్లగా మాయమయ్యాయి. వేలు తీస్తే సున్నా వచ్చి నిలబడింది. క్లాసంతా వంతులవారీగా బొటనవేళ్లు పెట్టి చూశాం.

"ఇందులో తిరిగేది లేదు, మండేది లేదు, చప్పుడు లేదు. మరి కరెంటు ఎక్కడిది?" అని అడిగారు మాస్టారు. ఎవరూ చెప్పలేదు. ఆయన ఇంకో ప్రశ్న వేశారు. "వేలు పెట్టగానే 144 ఎటు పోయింది?" ఆ రెండో ప్రశ్నే ముఖ్యమైనదని నాకు తెలియడానికి నలభై ఏళ్లు పట్టింది.

మొదటి ప్రశ్నకు జవాబు

వెలుతురు నుంచి కరెంటు పుడుతుందని మొదట గమనించింది పంతొమ్మిదేళ్ల ఫ్రెంచి కుర్రాడు ఎడ్మండ్ బెకరెల్. 1839లో తండ్రి ప్రయోగశాలలో ద్రావణంలో ముంచిన లోహపు పలకల మీద వెలుతురు పడితే కరెంటు ప్రవహించడం చూశాడు. చాలాకాలం అది వింతగానే ఉండిపోయింది.

1873లో విలోబీ స్మిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ కేబుళ్లను పరీక్షించడానికి సెలీనియం కడ్డీలు వాడుతూ, వాటి నిరోధం వెలుతురును బట్టి మారిపోతోందని కనిపెట్టాడు. 1876లో ఆడమ్స్, డే అనే ఇద్దరు వెలుతురు ఒక్కటే సెలీనియంలో కరెంటు పుట్టించగలదని చూపారు. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పలచటి బంగారు పొర వేసి పలక తయారుచేశాడు. పడిన వెలుతురులో దాదాపు నూరో వంతే కరెంటుగా మారింది. ఇదంతా ఎందుకు జరుగుతోందో అర్థం కావడానికి 1905లో ఐన్‌స్టీన్ రాసిన వ్యాసం కావలసి వచ్చింది. ఆయనకు 1921 నోబెల్ బహుమతి వచ్చింది సాపేక్ష సిద్ధాంతానికని చాలామంది అనుకుంటారు. ప్రకటనలో పేరెత్తి చెప్పింది మాత్రం ఈ కాంతి విద్యుత్ సూత్రాన్నే.

1940లో బెల్ ల్యాబ్స్‌లో రస్సెల్ ఓల్ ఒక సిలికాన్ ముక్కను పరీక్షిస్తున్నాడు. అందులో ఒక పగులు ఉంది. దాని మీద దీపం వెలుగు పడినప్పుడల్లా మీటరు ముల్లు ఎగిరింది. పగులుకు అటు ఒకరకం మలినం, ఇటు ఇంకోరకం మలినం చేరి ఉన్నాయని తర్వాత తేలింది. ఇంటర్మీడియట్‌లో మనం బట్టీపట్టిన పి-ఎన్ జంక్షన్ అదే. వెలుతురు లోపల కదిలించిన ఎలక్ట్రాన్లను ఆ సరిహద్దు ఒకవైపుకే తోస్తుంది. మాస్టారి మొదటి ప్రశ్నకు జవాబు ఆ సరిహద్దులో ఉంది.

ఉక్కపోతలో పుట్టిన పలక

ఆ తర్వాతి కథ మన ఊరివాళ్లకు బాగా అర్థమవుతుంది. 1950ల మొదట్లో టెలిఫోన్ కంపెనీకి ఒక చిక్కు వచ్చింది. లైన్లు లేని మారుమూల చోట్ల ఫోన్లకు డ్రై బ్యాటరీలు పెడితే, ఉక్కగా, తేమగా ఉండే ఉష్ణమండల ప్రాంతాల్లో అవి త్వరగా పాడైపోతున్నాయి. వేరే దారి వెతకమని బెల్ ల్యాబ్స్‌లో డారిల్ చాపిన్‌కు పని అప్పగించారు. ఆయన సెలీనియంతో మొదలుపెట్టాడు. ఫలితం అర శాతం కూడా రాలేదు. అదే సంస్థలో సిలికాన్ మీద పనిచేస్తున్న జెరాల్డ్ పియర్సన్ చూసి, సెలీనియం వదిలేసి సిలికాన్ పట్టుకోమన్నాడు. మూడోవాడు కాల్విన్ ఫుల్లర్, సిలికాన్‌లోకి మలినాలను కావలసినంతే పంపడం తెలిసిన రసాయన శాస్త్రజ్ఞుడు. 1954 ఏప్రిల్ 25న ముగ్గురూ విలేఖరుల ముందు తమ పలకతో ఒక బొమ్మ రంగులరాట్నం తిప్పి చూపించారు. సామర్థ్యం సుమారు 6 శాతం.

ఉక్కపోతకు బ్యాటరీ పాడైపోతోందన్న ఫిర్యాదు నుంచే మన సోలార్ పలక పుట్టిందన్నమాట. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

అప్పట్లో ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. వాటుకు దాదాపు 300 డాలర్లు పడుతుందని చాపిన్ లెక్క. డబ్బుకు వెనకాడని చోటు ఒక్కటే కనిపించింది, అంతరిక్షం. 1958 మార్చి 17న అమెరికా వదిలిన వాన్‌గార్డ్-1 పంపరపనస పండంత ఉపగ్రహం. అందులో రెండు ట్రాన్స్‌మిటర్లు. బ్యాటరీతో నడిచేది ఆ ఏడాదే మూగబోయింది. సోలార్ పలకలతో నడిచేది 1964 దాకా పలికింది. ఆ ఉపగ్రహం ఇప్పటికీ భూమి చుట్టూ తిరుగుతూనే ఉంది. 1970లలో ఇలియట్ బెర్మన్ వంటివారు ఉపగ్రహాలంత మేలురకం సిలికాన్ అక్కర్లేదని చవకరకంతో పలకలు చేసి ధర దించారు. అప్పుడే సముద్రంలో దారి చూపే దీపాలకు, చమురు వేదికలకు సోలార్ పలకలు వచ్చాయి.

మన సంఘం పుట్టిన ఏడాది

మన సంఘం పుట్టిన 1975లోనే, ఏప్రిల్ 19న, మన దేశపు మొదటి ఉపగ్రహం ఆర్యభట్ట సోవియట్ రాకెట్ మీద ఎగిరింది. బరువు 360 కిలోలు. ఒంటినిండా సోలార్ పలకలు. కొద్ది రోజులకే విద్యుత్ సరఫరా వ్యవస్థలో లోపం వచ్చి అందులోని ప్రయోగాలు ఆపేయవలసి వచ్చింది. అయినా మన ఇంజనీర్లు దాని నుంచి నేర్చుకున్నది చాలా ఉంది. ఎండకు కొదవ లేకపోయినా, ఎండను కరెంటుగా మార్చి పంచే ఏర్పాటులో ఒక్కచోట తేడా వస్తే పనంతా ఆగిపోతుంది.

అంతకు ముందు ఏడాదే, 1974లో, సాహిబాబాద్‌లో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్‌ను స్థాపించింది. దేశంలో సోలార్ సెల్స్ తయారీకి తొలి అడుగులు అక్కడే పడ్డాయి. 1982లో సంప్రదాయేతర ఇంధనాలకు ప్రత్యేక శాఖ వచ్చింది. 2010 జనవరిలో జాతీయ సోలార్ మిషన్ మొదలైంది. ఇంతలో చైనా కర్మాగారాలు పెరిగి పలకల ధర పాతాళానికి దిగింది. ఒకప్పుడు ఉపగ్రహానికే దక్కిన పలకను ఇప్పుడు బజారులో బేరమాడి కొనుక్కోవచ్చు.

తిత్లీ

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన ఉద్దానం మీద పడింది. ఆ రోజు ఊళ్లో ఉన్నవాళ్లకు నేను చెప్పవలసింది లేదు. తరతరాల కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. స్తంభాలు విరిగి కరెంటు పోయింది. నేను హైదరాబాదులో ఉన్నాను. అమ్మ ఊళ్లో. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి మాట్లాడింది. "అందరం బళ్లోకి వెళ్తున్నాం, కంగారుపడకు" అంది. ఆ తర్వాత నాలుగు రోజులు ఫోను లేదు.

నాలుగో రోజు బయల్దేరి, రోడ్డుకు అడ్డంగా పడ్డ చెట్ల మధ్య చివరి కొన్ని కిలోమీటర్లు నడిచి ఊరు చేరాను. అమ్మ మన బడి వరండాలో కూర్చుని, ఎవరో పిల్లకి జడ వేస్తోంది. నన్ను చూసి అంది. "చీకటికి భయం లేదురా, చిన్నప్పటి నుంచీ చూసిందే. బతికే ఉన్నానని నీకు చెప్పలేకపోయాను చూడు, అదే బాధ."

విచారిస్తే తెలిసింది, మూడో రోజుకే జనరేటర్ పెట్టి ఒక టవర్ నడిపించారట. సిగ్నల్ వచ్చింది. అప్పటికి ఒక్క ఫోనులోనూ ఛార్జి లేదు. ఒక ఫోను నింపడానికి కావలసింది పదీ పదిహేను వాట్ అవర్లు, అంటే తొమ్మిది వాట్ల బల్బు గంటన్నర వెలిగేంత కరెంటు. ఆ కాస్త కరెంటు లేక ఎన్ని ఇళ్లల్లో తల్లులూ పిల్లలూ ఒకరికొకరు దూరమయ్యారో లెక్కలేదు. ఇరవై అయిదేళ్లుగా కర్మాగారాల్లో పెద్ద పెద్ద ప్యానెల్ బోర్డులు పెడుతున్న నేను, నా తల్లి ఉన్న బడికి ఒక బల్బు పెట్టలేకపోయాను.

మొదటి పెట్టె

2019 వేసవిలో మొదటి పెట్టె చేశాను. అంతకు ముందు ఇంత చిన్నది నేనెప్పుడూ చేయలేదు. పెద్దవి చేసినవాడికి చిన్నది తేలికే అన్న గర్వం ఒకటి ఉండేది.

పిల్లలకు నేను చెప్పే లెక్క ఇది. బ్యాటరీ అంటే బిందె. పలక అంటే కుళాయి. ముందు ఇంటికి ఎన్ని నీళ్లు కావాలో చూసుకుని, ఆ తర్వాత బిందె, ఆ తర్వాత కుళాయి. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు 6, రాత్రికి 5 గంటలు: 270 వాట్ అవర్లు. పది ఫోన్లు: 120. మొత్తం 390. బిందె: 12 వోల్టుల, 75 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ, అంటే 900 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది కనుక వాడదగ్గది 450. కుళాయి: 100 వాట్ల పలక ఒకటి. మధ్యలో ఛార్జి కంట్రోలర్. చివర 300 వాట్ల ఇన్వర్టర్.

పలకను ఇంటికప్పు మీద ఎందుకు బిగించలేదని చాలామంది అడిగారు. మన ఊరి గాలికి కప్పు మీద సరిగ్గా బిగించని పలక రేకులాగా ఎగిరిపోతుంది. తుపాను ముందు దింపి గదిలో పెట్టుకుని, గాలి తగ్గాక ఎండలో పెట్టుకునేది కావాలి. అందుకే కదిలే పెట్టె.

తయారీలో మొదటి దెబ్బ రెండోరోజే తగిలింది. ఫ్యూజు తర్వాత పెడదాంలే అనుకుని బ్యాటరీ తీగ బిగిస్తుంటే, స్పానర్ జారి రెండు టెర్మినళ్ల మధ్య పడింది. కళ్లు చెదిరే మెరుపు. స్పానర్ అంచున బఠాణీ గింజంత ముక్క కరిగిపోయింది. 12 వోల్టులు మనిషికి షాక్ కొట్టవు గానీ, బ్యాటరీ ఒక్కసారిగా వందల ఆంపియర్లు వదలగలదు. అప్పటి నుంచి ప్లస్ టెర్మినల్ పక్కనే ఫ్యూజు బిగించనిదే ఇంకో తీగ ముట్టుకోను.

రెండో పాఠం పలక నేర్పింది. నూరు వాట్లని రాసి ఉన్న పలక మంచి ఎండలో డెబ్భై రెండే ఇస్తోంది. తప్పు పలకది కాదు. ఆ పలక 18 వోల్టుల దగ్గర అయిదున్నర ఆంపియర్లు ఇస్తుంది. నేను కొన్న చవక కంట్రోలర్ దాన్ని బ్యాటరీ వోల్టేజికి, అంటే 13కి, లాగేస్తోంది. 13ను అయిదున్నరతో హెచ్చిస్తే దాదాపు 72. మిగతాది దక్కకుండా పోతోంది. వోల్టేజిని తగ్గిస్తూ ఆ మేరకు ఆంపియర్లు పెంచి ఇచ్చే ఎం.పి.పి.టి. కంట్రోలర్ ఖరీదు ఎక్కువని వదిలేశాను.

జూన్‌లో బడి తెరిచిన వారం పెట్టె అప్పగించాం. బరువు ముప్ఫై కిలోల పైమాటే, ఇద్దరు మోయాలి. పేరుకే పోర్టబుల్. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఫొటోలు దిగాం. హెడ్మాస్టారు దాన్ని జాగ్రత్తగా స్టోర్ రూములో పెట్టించి తాళం వేయించారు.

గులాబ్ రాత్రి

2020 మార్చిలో కరోనా వచ్చి బడి మూతపడింది. తెరిచారు, మళ్లీ మూశారు. 2021 సెప్టెంబరు 26 సాయంత్రం గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. రాత్రి ఏడున్నరకి బడి అటెండరు ఫోను చేశాడు. "పెట్టె ఎలగట్లేదు బాబూ. ఏ బటన్ నొక్కాలి?" అన్నాడు. ఏది నొక్కినా వెలగలేదు.

తర్వాత అమ్మ చెప్పింది. "పెట్టె ఉంది కదా అని ఈసారి ఎవరం కొవ్వొత్తులు తీసుకెళ్లలేదురా." ఆ చీకట్లో వరండా మెట్ల దగ్గర ఒక పెద్దావిడ జారి పడింది. మణికట్టు విరిగింది. ఏమీ ఇవ్వకపోయినా ఆ రాత్రి ఒక లాంతరైనా ఉండేది. నేనిచ్చిన పెట్టెను నమ్మి అదీ లేకుండా పోయింది.

పది రోజుల తర్వాత వెళ్లి మీటరు పెట్టి చూశాను. 12.7 ఉండవలసిన చోట 8 వోల్టులు కూడా లేవు. ఇన్వర్టర్ స్విచ్ వేసే ఉంది. ఏ దీపం వెలగకపోయినా ఇన్వర్టర్ తన కోసం తాను సుమారు ఆరు వాట్లు తింటూనే ఉంటుంది. 900ను 6తో భాగిస్తే 150 గంటలు. ఆరు రోజుల్లో బిందె ఖాళీ. పలక తాళం వేసిన గదిలో గోడకు ఆనించి ఉంది. మిగతా ఏడాదిన్నర ఆ బ్యాటరీ ఖాళీగా పడి ఉంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. రెండు సీసపు రేకులు, మధ్య గంధకామ్లం. మళ్లీ మళ్లీ నింపుకోగలిగిన మొదటి బ్యాటరీ అదే. ఖాళీ అయినప్పుడు రెండు రేకుల మీదా లెడ్ సల్ఫేట్ చేరుతుంది. వెంటనే ఛార్జి పెడితే కరిగిపోతుంది. అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలు కట్టి, ఇక ఎంత ఛార్జి పెట్టినా కరగదు. ఈ సంగతి నాకు పాలిటెక్నిక్ రెండో ఏటి నుంచీ తెలుసు.

తప్పు స్విచ్ ఆపని పిల్లవాడిది కాదు. తాళం వేసిన హెడ్మాస్టారిదీ కాదు. ఇన్వర్టర్‌ను పూర్తిగా వేరుచేసే మెయిన్ స్విచ్ నేను పెట్టలేదు. నెలనెలా ఏం చూడాలో ఒక్క కాగితం రాసివ్వలేదు. చూడవలసిన మనిషి ఎవరో నిర్ణయించలేదు. ఉక్కపోతలో గాలికి వదిలేసిన బ్యాటరీ పాడవుతుందన్న ఫిర్యాదుతో ఈ కథంతా మొదలైందని తెలిసి కూడా, నేను అదే చేశాను. "వేలు పెట్టగానే 144 ఎటు పోయింది?" అన్న మాస్టారి రెండో ప్రశ్న ఆ స్టోర్ రూములో గుర్తొచ్చింది. వెలుతురు ఆగినప్పుడు నిలబెట్టేది ఏదీ ఆ కాలిక్యులేటర్‌లో లేదు. నా పెట్టెలో ఉంది గానీ, దాన్ని ఎవరూ చూసుకోలేదు.

రెండో పెట్టె

2022లో రెండోది చేశాం. ఈసారి "నేను" కాదు, "మేము". మన బ్యాచ్ ఎలక్ట్రీషియన్ మిత్రుడు తీగలు చూసుకున్నాడు. వడ్రంగి మిత్రుడు చక్రాలున్న పెట్టె కట్టాడు. తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు ప్రతి జాయింటూ బిగించడం నేర్చుకున్నారు.

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక పరిశోధన పత్రం దీనికి మూలం. రాసినవారు ముగ్గురు: పాఢి, నంజుండస్వామి, గుడ్‌ఇనఫ్. మొదటి రెండు పేర్లు మన దేశపువే. మూడో ఆయన జాన్ గుడ్‌ఇనఫ్‌కు లిథియం బ్యాటరీల మీద కృషికి 2019లో, 97వ ఏట, నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో కోబాల్ట్ లేదు, నికెల్ లేదు. వేడికి మిగతా లిథియం రకాలకన్నా తట్టుకుంటుంది. 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 1,280 వాట్ అవర్లు. అందులో వెయ్యి దాకా ధైర్యంగా వాడుకోవచ్చు. బరువు మాత్రం పాతదానిలో సగమే. లోపలి రక్షణ సర్క్యూట్ మరీ ఖాళీ కాకుండా, మరీ నిండకుండా చూస్తుంది.

పలకలు రెండు, ఎం.పి.పి.టి. కంట్రోలర్ ఒకటి. దీపాలూ ఫోను సాకెట్లూ ఇన్వర్టర్‌తో పనిలేకుండా నేరుగా 12 వోల్టుల మీదే నడుస్తాయి. ఇన్వర్టర్‌కు విడిగా ఎర్ర స్విచ్. మంచి ఎండరోజు సుమారు 700 వాట్ అవర్లు వస్తున్నాయి. దట్టంగా మబ్బు పట్టిన రోజు వంద వస్తే గొప్ప. కనుక తుపాను వచ్చాక నింపుకుందామంటే కుదరదు. హెచ్చరిక రాగానే, ఎండ ఉండగానే నింపుకోవాలి.

పెట్టె మూత లోపల తెలుగులో ఒక కాగితం అంటించాం. నెల మొదటి శనివారం: మీటరు చూడు, పలకలు తుడిచి ఒక పూట ఎండలో పెట్టు, దీపాలన్నీ పది నిమిషాలు వెలిగించు, ఎర్ర స్విచ్ ఆపు, పుస్తకంలో తేదీ వేసి సంతకం పెట్టు. ఆ పుస్తకంలో ఇప్పటికి పిల్లల సంతకాలు మూడేళ్లవి ఉన్నాయి. నా దృష్టిలో ఈ పెట్టెలో ఖరీదైన భాగం ఆ నలభై పేజీల నోటుబుక్కే.

ఒక విన్నపం

వేసవి సెలవుల్లో ఆ పుస్తకంలో ఖాళీలు ఉన్నాయి. పోయిన ఏడు మే నెలలో ఎవరూ సంతకం పెట్టలేదు. బడి మూసిన నెలలివి. అందుకని సంఘం సభ్యులకు, ముఖ్యంగా ఊళ్లోనే ఉంటున్నవారికి ఒక మనవి. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ దాకా రెండు శనివారాలు మనం పంచుకుందాం. పని అరగంట. చదువుతో సంబంధం లేదు, మీటరు చూడటం పిల్లలే నేర్పుతారు.

ఈ స్వర్ణోత్సవానికి వచ్చేవారు ఆ పుస్తకం ఒకసారి తిరగేయండి. చివరి పేజీలో రెండు శనివారాల ఎదురుగా గడులు ఖాళీగా ఉంచాను. ఒకదానిలో నా పేరు రాసుకున్నాను. మణికట్టు విరిగిన ఆ పెద్దావిడ మనవరాలు ఇప్పుడు పదో తరగతి. మొదటి శనివారం మీటరు చదివేది ఆ అమ్మాయే. రెండో గడి మీలో ఒకరిది.